పెళ్లిలో డబ్బు ఎటు పోయింది? సమాజాన్ని చదవడం మొదలుపెట్టేవాళ్లకు

"సమాజం అర్థం కావాలంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి టీచర్?" అని అడిగేవాళ్లకు నేను పుస్తకం పేరు చెప్పను. ముందు ఒక ప్రశ్న తెచ్చుకోమంటాను. అది చిన్నదై ఉండాలి. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఎవరో ఒకరు దానికి జవాబు చెప్పగలగాలి. "కులవ్యవస్థ అంటే ఏమిటి" అన్నది ప్రశ్న కాదు, పరీక్ష పేపరు. "మా ఊళ్లో మంచినీళ్ల బావి ఎవరిది, తోడేదెవరు, దోసిలి పట్టేదెవరు" అన్నది ప్రశ్న.

నేను ఉత్తర చెన్నైలో తెలుగు మీడియం పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఆదివారాలు మా పెరంబూరు ఇంటికి కొందరు వస్తుంటారు. ఓఎంఆర్‌లో ఐటీ ఉద్యోగం చేసే నెల్లూరు కుర్రాడు, అన్నానగర్‌లో సివిల్స్ కోచింగ్ తీసుకుంటున్న కర్నూలు అమ్మాయి, తెలుగు ఎం.ఏ. చేసిన మా పాత స్టూడెంట్ ఒకడు. ఐటీ అబ్బాయికి అంకెలంటే గురి, కథలంటే కాలక్షేపం. ఎం.ఏ. అబ్బాయికి కథలో ఉన్నదే నిజం, లెక్కలంటే గవర్నమెంటు గోల. కోచింగ్ అమ్మాయికి ఏదైనా సరే పది పాయింట్లలో రావాలి, లేకపోతే టెన్షన్. ముగ్గురికీ చెప్పేది ఒకటే. ఒక ప్రశ్న పట్టుకుని కథని, రికార్డుని, లెక్కని, ఇంట్లో పెద్దవాళ్లని వరసగా అడగండి. అందరూ ఒకే మాట చెబితే ముందుకు పోండి. మాట కలవని చోట ఆగండి, కొన్నాళ్లు అక్కడే ఉండండి.

ఎలాగో ఒక ప్రశ్న మీద చేసి చూపిస్తాను: పెళ్లిలో డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయింది?

కథని అడగడం

'కన్యాశుల్కం' తీసుకోండి. ఒకసారి హాయిగా నవ్వుకుంటూ చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చుని, డబ్బు మాట వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. అప్పు, తాకట్టు, దావా, వకీలు ఫీజు, నగ, ఏదీ వదలొద్దు. తర్వాత గీతలు మాత్రమే చూసుకుంటూ పేజీలు తిప్పండి. అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మను ఇచ్చి తెచ్చుకున్న రొక్కం ఏమైంది? పొలం గట్టు దావాలో కోర్టుపాలైంది. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఎందుకు కట్టబెడుతున్నాడు? మళ్లీ రొక్కానికే. కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువుకి కూడా రొక్కమే కావాలి. ఆ ఇంట్లో భూమి ఉంది, పరువు ఉంది, చేతిలో పైసా ఆడదు. కోర్టు ఫీజూ స్కూలు ఫీజూ మాత్రం నాణేల్లోనే కట్టాలి.

పిసినారి తండ్రి కథ అనుకున్నది కాస్తా ఇంగ్లీషు కోర్టులూ ఇంగ్లీషు బళ్లూ ఒక అగ్రహారంలోకి వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్పే కథ అయింది. ఇది నా సొంత చదువు, మీరు ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఒప్పుకోకపోతే మీ గీతలు చూపించి వాదించాలి.

ఏ కథకైనా ఇంకో రెండు ప్రశ్నలు వేయండి. పేరు లేకుండా వచ్చిపోయేవాళ్లు ఎవరు? బండి తోలేవాడు, నీళ్లు మోసే మనిషి, తలుపు తీసిన పిల్ల, వీళ్లకు రచయిత పేరు పెట్టాడా లేదా? రెండోది, రచయితకి జీతం ఎక్కడి నుంచి వచ్చేది? గురజాడ విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. ఆయన ఏం చూడగలిగాడో, ఏ గుమ్మం దాటి లోపలికి పోలేడో ఊహించడానికి ఆ సంగతి పనికొస్తుంది. ఎం.ఏ. అబ్బాయికి ఈ రెండో ప్రశ్న నచ్చదు. సాహిత్యాన్ని జీతం బిల్లుతో కొలవకూడదంటాడు. కొలవడం కాదురా, రచయిత ఏ అరుగు మీద కూర్చుని చూస్తున్నాడో తెలుసుకోవడం అంటాను. మా వాదన ఇంకా తెగలేదు.

అదే పుస్తకంలో లెక్క

చాలామంది వదిలేసే పేజీ ఒకటుంది. 1897 ముద్రణకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ ఇళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించాడు. మూడేళ్లకు 1034 పెళ్లిళ్లు తేలాయి, అంటే ఏడాదికి సగటున 344. అందులో అయిదేళ్లకు పెళ్లయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్లకు 44 మంది, మూడేళ్లకు 36 మంది, రెండేళ్లకు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయల దాకా పలికింది.

నాటకం చూస్తే నవ్వొస్తుంది. ఈ పేరా చదివాక నవ్వు రాదు. నాటకంలో సుబ్బి ఒక్కతే. కరటకశాస్త్రి తన శిష్యుడికి చీర కట్టి ఆమెను తప్పించగలిగాడు. జాబితాలో ఉన్న పిల్లల్ని ఎవరు తప్పించారు? ఇది లెక్క మాత్రమే వేయగల ప్రశ్న. అలాగే ఆ ఏడాది పిల్ల తల్లి ఆ రోజు ఏమనుకుందో లెక్క చెప్పలేదు. దానికి మళ్లీ కథ దగ్గరికే పోవాలి.

ఇప్పుడు లెక్కని కూడా నిలబెట్టి అడగండి. ఎవరు చేయించారు? రాజుగారు. ఎవరిళ్లలో? బ్రాహ్మణ ఇళ్లలో. "పిల్లను అమ్ముకున్నాను" అని ఎవరు ఒప్పుకుంటారు? కాబట్టి నా మటుకు నాకు అసలు సంఖ్య ఇంకా పెద్దదే అనిపిస్తుంది. ఇంకో మెలిక. ఇది ఒక కులం మాట. తెలుగునాట చాలా కులాల్లో ఓలి అని మగపెళ్లివారే ఆడపిల్ల వారికి ఇచ్చేవారు, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఆ పిల్ల ఇంట్లో, పొలంలో కష్టపడే మనిషి, ఆ చేతుల్ని పోగొట్టుకుంటున్నవాళ్లకి ఇంత ఇవ్వాలని లెక్క. అంచేత "ఆ రోజుల్లో తెలుగు సమాజంలో..." అని వాక్యం మొదలుపెట్టే ముందు ఏ కులం, ఏ జిల్లా, ఏ దశాబ్దం అని చూసుకోండి. మూడూ తెలియకపోతే ఆ వాక్యం రాయకండి. మా ఆదివారం గుంపులో ఇది చట్టం.

రికార్డుని, అమ్మమ్మని పక్కపక్కన కూర్చోబెట్టడం

1929లో బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చింది. జనం శారదా చట్టం అన్నారు. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది. అమల్లోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. నడుమ కొన్ని నెలల గడువు దొరికింది. ఆ గడువులో దేశమంతా హడావుడి పెళ్లిళ్లు జరిగాయి. 1931 జనాభా లెక్కల్లో పెళ్లయిన చిన్నపిల్లల సంఖ్య పెరిగి కనిపిస్తే అధికారులు చెప్పిన కారణం అదే.

మా అమ్మమ్మకు తన పెళ్లి ఏ సంవత్సరమో తెలియదు. "శారదా బిల్లు వచ్చేస్తోందని ముహూర్తం పెట్టేశారు, నిద్దట్లోంచి లేపి పీటల మీద కూర్చోబెట్టారు" అనేది. సంవత్సరం తెలియని మనిషి చెప్పిన ఆ ఒక్క మాట పెళ్లిని ఆ గడువులోకి తెచ్చి పెట్టింది. పెద్దవాళ్లని "ఏ సంవత్సరం" అని అడిగి లాభం లేదు. "జపానువాడు బాంబులేస్తాడని మద్రాసు ఖాళీ చేసినప్పటికి మీరు పుట్టారా?" అనండి, అది 1942. "పొట్టి శ్రీరాములు గారు పోయేనాటికి పెద్దబ్బాయి పుట్టాడా?" అంటే 1952 డిసెంబరు. "దివిసీమ ఉప్పెన నాటికి ఈ ఇంట్లోనే ఉన్నారా?" అంటే 1977 నవంబరు. ఇలాంటి మేకులు నాలుగైదు గోడకు కొట్టుకుంటే వాళ్ల జ్ఞాపకాలన్నీ వాటికి తగిలించుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. "నీ పెళ్లికి ఎవరు ఎవరికి ఇచ్చారమ్మమ్మా?" అంటే "ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఆ రోజుల్లో ఈ దరిద్రాలెక్కడివి" అనేది. చాలామంది పెద్దవాళ్లు ఇదే అంటారు. అక్కడితో నోట్‌బుక్ మూసేస్తే వరకట్నం నిన్నగాక మొన్న పుట్టిందని రాసేస్తారు. నేను మాట మార్చి వస్తువుల్లోకి దిగాను. ఈ ఇత్తడి గంగాళం ఎక్కడిది? పుట్టింటిది. తాతయ్య స్కూల్ ఫైనల్ ఎక్కడ చదివాడు? నెల్లూరులో. మరి వాళ్లకు పొలం లేదుగా, ఫీజు ఎవరు కట్టారు? "మా నాన్నే కట్టాడు, భోజనం ఖర్చుతో సహా. అల్లుడు చదువుకుంటే మనకే కదా మంచిది."

కట్నం ఇవ్వలేదు. అల్లుడి చదువు కొనిచ్చారు. ఆమె లెక్కలో అది ఇవ్వడం కాదు, మీ లెక్కలో ఏమిటో మీరు తేల్చుకోవాలి. గవర్నమెంటు ఉద్యోగం ఇచ్చే చదువు మగపిల్లాడికి మాత్రమే దొరికినప్పుడు అతని విలువ పెరిగి డబ్బు దారి మళ్లిందని చాలామంది చరిత్రకారులు చెబుతారు. అది నేను పుస్తకాల్లో చదివి ఒప్పుకున్నాను. అమ్మమ్మ గంగాళం దాకా వచ్చాక అర్థమైంది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. చట్టం తేదీ చూసి ఆచారం ఎప్పుడు పోయిందో చెప్పలేం. ఎప్పటికి అది మూసిపెట్టలేనంత పెద్దదైందో చెప్పవచ్చు.

పెద్దవాళ్ల దగ్గర ఎలా కూర్చోవాలి

ఫోను రికార్డింగ్ ఆన్ చేసి ఎదురుగా పెడితే ఎవరైనా సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. చేతిలో పని ఉన్నప్పుడు వెళ్లండి. గోంగూర వలుస్తున్నప్పుడు, చిక్కుడుకాయ నార తీస్తున్నప్పుడు. మీరూ రెండు కాయలు తీసుకోండి. రికార్డ్ చేసుకోవాలంటే అడిగి చేసుకోండి, వద్దంటే వద్దు.

అభిప్రాయాలు అడగొద్దు. "మీ కాలంలో కులం పట్టింపు ఉండేదా?" అంటే "అబ్బే, అందరం కలిసిమెలిసి ఉండేవాళ్లం, వరసలు పెట్టి పిలుచుకునేవాళ్లం" అంటారు. అది అబద్ధం కాదు, వాళ్లకు అలాగే గుర్తుంది. మీరు అడగాల్సింది వేరు. మీ ఇంటికి చాకలి ఏ గుమ్మం నుంచి వచ్చేవాడు? అన్నం ఏ గిన్నెలో పెట్టేవారు, ఆ గిన్నె రాత్రిపూట ఎక్కడ ఉండేది? చెప్పులు ఏ వీధి మొదట్లో చేతపట్టుకునేవారు? పిల్లాడికి జ్వరం వస్తే డాక్టరు ఇంట్లోకి వచ్చేవాడా, వాకిట్లోంచే చూసేవాడా? గిన్నె చూరులో దోపి ఉండేదని ఆవిడ చెప్పేసరికి, కలిసిమెలిసి అన్న మాటా చూరులో గిన్నే ఒకే పేజీలో పక్కపక్కన ఉంటాయి. రెండూ రాయండి. ఏదీ కొట్టేయకండి, ఆవిడతో వాదించకండి.

మా స్కూల్లో నా దగ్గర చదివిన పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు కార్పొరేషన్ పారిశుధ్యం పనివాళ్లు. తరాల క్రితం నెల్లూరు, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు. చెన్నైలో తెల్లవారుజామున వీధులూడ్చేవాళ్లను కాస్త పలకరించండి, తెలుగు వినిపిస్తుంది. అదే చూరులో గిన్నె ప్రశ్న వాళ్ల అవ్వని అడిగితే రెండో వైపు నుంచి జవాబు వస్తుంది. గిన్నె పెట్టినవాళ్లకు అది చిన్న సంగతి. తీసుకున్నవాళ్లకు ఏ ఇంటి గిన్నె ఎలా ఉండేదో డెబ్బయ్యేళ్లయినా గుర్తే. ఒక వైపు మాత్రమే అడిగి సమాజం తెలిసిందనుకోవద్దు.

నోట్‌బుక్‌లో ఎడమ పేజీ విన్నదానికి, కుడి పేజీ మీ అనుమానాలకి. రెంటినీ కలపొద్దు. పేర్లు రాసుకోవాలంటే పొడి అక్షరాల్లో రాసుకోండి.

లెక్క ఎలా పుడుతుందో గుమ్మంలో చూడటం

జనాభా లెక్కలకు ఇళ్లకు వెళ్లేది మాలాంటి టీచర్లే. 2011 ఫిబ్రవరిలో నేనూ వెళ్లాను. మనిషికి 29 ప్రశ్నలు. ఇళ్ల వివరాలు బయటపెట్టకూడదు కాబట్టి వీధి పేరు, మనుషుల గుర్తులు లేకుండా చెబుతాను.

పదో ప్రశ్న మాతృభాష. చిన్నప్పుడు తల్లి ఏ భాషలో మాట్లాడిందో అదే రాయాలి అని మాకు చెప్పారు. ఒక గుమ్మంలో లోపలి నుంచి అత్తగారు కోడల్ని తెలుగులో కేకేస్తున్నారు, "సెన్సస్ వాళ్లొచ్చారే, కుర్చీ వెయ్యి" అని. కొడుకు మాత్రం నాతో తమిళంలో "తమిళ్ అని రాసుకోండి" అన్నాడు. నేను తెలుగులోనే అడిగాను, ఇంట్లో తెలుగేగా అని. "ఇంట్లో మాట ఇంట్లో టీచరమ్మా, రేపు పిల్లల స్కూలుకి ఇబ్బంది రాకూడదు" అన్నాడు. 2006లో ఈ రాష్ట్రంలో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి పోతూ వచ్చింది. నేను నింపే జనాభా లెక్కల కాగితానికీ స్కూలుకీ సంబంధం లేదు. కానీ భయానికి సంబంధం అక్కర్లేదు. అత్తగారు లోపలి నుంచి వచ్చి "నాకు మాత్రం తెలుగని రాయండి" అన్నారు. ఒకే ఇంట్లో రెండు మాతృభాషలు పడ్డాయి. నిబంధన ప్రకారం చెప్పింది చెప్పినట్టు రాయాలి, రాశాను. చెన్నైలో తెలుగువాళ్లు ఇంతమంది అని ఎవరైనా అంకె చెప్పినప్పుడల్లా నాకు ఆ గుమ్మం గుర్తొస్తుంది.

ఇంకో ఇల్లు. గత ఏడాదిలో ఏమైనా పని చేశారా అన్న ప్రశ్నకి భర్త "ఆమె ఖాళీయే, ఇంట్లో ఉంటుంది" అన్నాడు. ఆమె నేల మీద కూర్చుని మల్లెపూలు కడుతోంది. పక్కన తడిగుడ్డలో ఇంకో రెండు బుట్టల మొగ్గలు, అరటినార కట్ట. మార్కెట్ వాళ్లు పొద్దున పూలు పడేసి సాయంత్రం మాలలు తీసుకుపోతారు, మూరల లెక్కన డబ్బు. నేను ఆమెనే నేరుగా అడిగాను. ఆమె తలెత్తకుండా "ఇదేం పని మేడం, ఊరికే కూర్చోలేక" అంది. అది పనే అని మాకు ట్రైనింగులో చెప్పారు, జీతం లేకుండా ఇంటి వ్యాపారంలో చేసినా పనే. ఇంకాస్త అడిగి పని చేస్తున్నట్టే రాశాను. నా వెనక సందులో వెళ్లినవాళ్లు ఎండలో అంత ఓపిగ్గా అడిగారో లేదో ఎవరు చెప్పగలరు? తర్వాత ఐటీ అబ్బాయి "పని చేసే ఆడవాళ్ల శాతం ఇంత" అని స్క్రీన్ మీద చూపిస్తే, ఆ శాతం వెనకాల ఎన్ని మల్లెపూల బుట్టలు "ఖాళీ" కింద పోయాయో అడుగుతాను. అంకె పనికిరాదని కాదు. 1034 లేకపోతే కన్యాశుల్కం ఒక ఇంటి పిచ్చి అనుకునేవాళ్లం. అంకెను వాడే ముందు ఆ ప్రశ్న ఎవరు, ఎవర్ని, ఎవరి ఎదుట అడిగారో కనుక్కోండి.

సొంతంగా లెక్క తీయడం కూడా కష్టం కాదు. మద్రాసు యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం చెప్పిన గిల్బర్ట్ స్లేటర్ తన స్టూడెంట్లను సెలవులకు సొంత ఊళ్లకు పంపి ఎవరికి ఎంత భూమి, ఎంత అప్పు, ఏం తింటున్నారు అని రాసుకురమ్మన్నాడు. 1918లో అది పుస్తకమైంది, తర్వాతి తరాలవాళ్లు అవే ఊళ్లకు తిరిగి వెళ్లి మారిందేమిటో చూశారు. తెలుగు ఊరే కావాలంటే హైదరాబాదు దగ్గర శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే 1955లో వేసిన పుస్తకం ఉంది. మీ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్, పనమ్మాయి, ఇస్త్రీ అతను ఏ జిల్లా నుంచి, ఏ సంవత్సరంలో, ఎవరి మాట మీద వచ్చారో అడిగినా చాలు. "ఎవరి మాట మీద" అన్నది మరవకండి, అందులోనే ఊరూ కులమూ బంధుత్వమూ బయటపడతాయి.

చెన్నైలో ఎక్కడికి పోవాలి

ముందు కాలువ దగ్గరికి. మైలాపూరు ఎమ్మార్టీఎస్ స్టేషన్లో దిగి కిందికి చూడండి. నల్లగా, కంపు కొడుతూ, రైలు స్తంభాల మధ్య ఇరుక్కున్న నీళ్లు కనిపిస్తాయి. అది బకింగ్‌హామ్ కాలువ. 1876-78 నాటి కరువులో, మన పెద్దలు ధాత కరువు అన్న దానిలో, పల్లెల నుంచి పట్నానికి నడిచొచ్చిన జనం చేత కూవం నదికీ అడయారుకీ నడుమ ఈ ముక్క తవ్వించారు. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకేజీ కూడా లేదు, పైన ఒక అణా. సర్కారు కాగితాల్లో అది పొదుపు. రోజంతా మట్టి మోసినవాడికి అదేమిటో ఊహించడానికి రిపోర్టు సాయం చేయదు. తర్వాత ఇదే కాలువ మీద ఉత్తరాన పెదగంజాం వైపు నుంచి బియ్యం, కట్టెలు పడవల్లో మద్రాసు వచ్చేవి. బేసిన్ బ్రిడ్జి ప్రాంతంలో ముసలివాళ్లను కట్టెల పడవల గురించి అడిగి చూడండి, మధ్యాహ్నం గడిచిపోతుంది.

అదే మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన ఇల్లు స్మారక భవనంగా ఉంది. ఆంధ్రాలో చదువుకున్న పిల్లలకు అది 1953 అక్టోబరు 1 దాకా నడిచిన విజయగాథ. మద్రాసులో ఉండిపోయిన తెలుగు ఇళ్లలో అడగండి. రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు, సొంత ఊళ్లోనే మైనారిటీ అయ్యారు. కొందరికి అది బాధ, కొందరికి పట్టనే లేదు, మా మామగారికి వ్యాపారం చెడకుండా ఉంటే చాలు. పాఠ్యపుస్తకంలో ఈ మూడో రకం మనిషికి చోటు దొరకదు.

టీ.నగర్ షాపింగుకి వెళ్లినప్పుడు పానగల్ పార్కు బోర్డు చదవండి. పానగల్ రాజా కాళహస్తి ప్రాంతపు తెలుగువాడు, జస్టిస్ పార్టీ నాయకుడు, 1921 నుంచి 1926 వరకు మద్రాసు ముఖ్యమంత్రి. ఆయన కాలంలోనే ఉద్యోగాల్లో కులాలవారీ వాటాలకు ఆర్డరు వచ్చింది.

పుస్తకాలకు ఎగ్మూరులో మ్యూజియం ఆవరణలోని కన్నెమరా లైబ్రరీ. 1896 నుంచి ఉంది, దేశంలో అచ్చయ్యే పుస్తకాల కాపీ అందుకునే లైబ్రరీల్లో ఒకటి. తెలుగు పాత పుస్తకాలు బాగానే దొరుకుతాయి. కొట్టూర్పురం అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది. ఇంగ్లీషు కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు ఊరూరా సేకరించిన కైఫీయతులు, అంటే ఊరి చరిత్ర కాగితాలు, అక్కడికి చేరాయి. కైఫీయతు చదివేటప్పుడు ఊళ్లో దాన్ని చెప్పింది ఎక్కువగా కరణాలు అని గుర్తుంచుకోండి. కరణం చెప్పిన ఊరి చరిత్రలో మాన్యాల లెక్క చక్కగా ఉంటుంది, కూలివాడి సంగతి ఉండదు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల్లో వేసిన కులాల పుస్తకం కూడా వాడుకోండి, కానీ ఆయన కులాన్ని ఒంటి కొలతల్లో వెతుకుతూ జనం ముక్కులు కొలిచిన మనిషి. ఆచారాల వివరాలు తీసుకోండి, "వీళ్లు ఇలాంటివాళ్లు" అని తీర్పిచ్చిన వాక్యాలు వదిలేయండి.

ఒక్క పాత పుస్తకంతో ప్రాక్టీసు చేయాలంటే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసే ఉద్యోగిగా, ఉన్న ఆయన 1830లో బయలుదేరి 1831లో తిరిగొచ్చాడు. దేవుళ్ల సంగతి పక్కన పెట్టి, మజిలీ మజిలీకి అంగళ్లున్నాయా, నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి చోటుందా అని ఆయన రాసినవి మాత్రం ఒక కాగితం మీద ఎక్కించండి. రైలు రాని దేశం మ్యాపు మీ చేతికొస్తుంది.

రాయడం

చదివింది, విన్నది, లెక్కపెట్టింది కలిపి ఒక్క పేజీ రాయండి. అంతకు మించొద్దు. ప్రశ్న పైన రాయండి. కథ ఏమంది, రికార్డు ఏమంది, అంకె ఏమంది, మనిషి ఏమన్నారు, ఎక్కడ కలవలేదు. కలవని చోట మీ ఊహ రాసేటప్పుడు "నాకు అనిపిస్తోంది" అని రాయండి, "తెలుస్తోంది" అని రాయకండి. పెద్ద పెద్ద మాటలు వచ్చినప్పుడు, పితృస్వామ్యం, వలస పాలన లాంటివి, వాటి పక్కన గంగాళమో మల్లెపూల బుట్టో ఉందా చూసుకోండి. లేకపోతే ఆ మాట ఇంకా మీది కాలేదు.

పేజీ అయ్యాక మీకు చెప్పిన మనిషికే చదివి వినిపించండి. సగం చోట్ల "నేనలా అనలేదే" అంటారు. ఆ దిద్దుబాట్లు కొట్టివేయకుండా పక్కనే వేరే ఇంకుతో రాయండి. ఫలానాది తీసేయమంటే మారుమాట్లాడకుండా తీసేయండి.

ఆదివారం నా దగ్గరికి తెచ్చేవాళ్లు టైపు చేసి ప్రింటు తీసి తేవద్దు. నోట్‌బుక్కే తెండి, ఎడమ పేజీలూ కుడి పేజీలూ రెండూ చూడాలి. పదింటికల్లా రండి, తర్వాత మా ఇంట్లో కరెంటు పోతుంది.